చక్కెరలపై వికిరణ ప్రభావం

ఆసుపత్రిలో రోగికి గ్లూకోజు ఎక్కించడం మనలో చాలమంది చూచే ఉంటారు. అక్కడ ముఖ్యంగా రెండు వస్తువులు కనిపిస్తాయి. ఒకటి సూది, దానికి అమర్చిన సన్నని ప్లాస్టిక్ గొట్టం. రెండవది గ్లూకోజు నీరు నింపిన సీసా. ఈ రెండూ రోగి నెత్తురుతో నేరుగా కలిసేవే కనుక వీటిలో ఒక్క సూక్ష్మజీవి కూడా బ్రతికి ఉండరాదు. ప్లాస్టిక్ సామగ్రిని క్రిమిరహితం చేయడానికి నేడు గామా కిరణాలను విరివిగా వాడుతున్నారు. పెట్టెలు కట్టిన సరుకును కట్టినట్లే కోబాల్ట్ ముందుకు నడిపిస్తే చాలు, కిరణాలు అట్టను, ప్లాస్టిక్కును దాటి లోపలి సూక్ష్మజీవులను చంపివేస్తాయి. కాని గ్లూకోజు సీసాకు ఈ పద్ధతి వాడరు. దానిని పీడనం గల ఆవిరిలో 121 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కొంతసేపు ఉంచుతారు. గామా కిరణాలు సీసాను కూడా సులభంగానే దాటగలవు గదా! మరి వాటిని ఎందుకు వాడరు?

ఈ ప్రశ్నకు జవాబు వెదకుతూ పోతే వికిరణానికి, చక్కెరలకు గల సంబంధమంతా తెలుస్తుంది. అంతేకాదు, ఉల్లిగడ్డ మొలకెత్తకుండా ఆపడానికి, కాన్సరు పుండును మాన్పడానికి, వికిరణం మధ్య పనిచేసే కార్మికుడు జాగ్రత్త పడవలసి రావడానికి కూడ మూలకారణం అక్కడే దొరుకుతుంది.

విశాఖపట్నం విద్యార్థులకు ఈ శాస్త్రం పరాయిది కాదు. 1950లలో స్వామి జ్ఞానానంద ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కేంద్రక భౌతికశాస్త్ర పరిశోధనకు పునాది వేశారు. నేడు ఉక్కు కర్మాగారానికి సమీపంలో వెలసిన వైద్య పరికరాల తయారీ నగరం మెడ్‌టెక్ జోన్ తన ఉమ్మడి సౌకర్యాలలో గామా వికిరణ కేంద్రాన్ని కూడ చేర్చుకొన్నది.

వేడి కాదు, తాకిడి

వికిరణ మోతాదును గ్రే అనే ప్రమాణంతో కొలుస్తారు. ఒక కిలోగ్రాము పదార్థం ఒక జౌలు శక్తిని గ్రహిస్తే ఆ మోతాదు ఒక గ్రే. వైద్య సామగ్రిని క్రిమిరహితం చేయడానికి సాధారణంగా 25,000 గ్రేలు ఇస్తారు. ఈ సంఖ్య పెద్దదిగా కనిపిస్తుంది. కాని లెక్క కట్టి చూడండి. ఒక కిలోగ్రాము నీటిని ఒక డిగ్రీ వేడిచేయడానికి సుమారు 4,200 జౌళ్ళు కావాలి. కాబట్టి 25,000 గ్రేలు పొందిన నీటి ఉష్ణోగ్రత ఆరు డిగ్రీలకంటె పెరగదు.

మనిషి శరీరమంతటికి ఒక్కసారిగా నాలుగైదు గ్రేలు తగిలి, తగిన చికిత్స జరగకపోతే, అట్టివారిలో సగంమంది మరణించే ప్రమాదం కలదు. అయినా ఆ మోతాదు వల్ల శరీర ఉష్ణోగ్రత పెరిగేది డిగ్రీలో వెయ్యోవంతు మాత్రమే. ఒక చెంచా వేడి కాఫీ త్రాగితే శరీరానికి చేరే వేడి అంతకు తక్కువ కాదు. కాఫీ చేయని హాని వికిరణం చేస్తున్నదంటే కారణం శక్తి పరిమాణంలో లేదు. అది చేరే తీరులో ఉన్నది.

వేడి అన్ని అణువులకూ కొద్దికొద్దిగా పంచబడుతుంది. వికిరణం అట్లా కాదు. అది తగిలిన చోట ఒక్క అణువు మీదనే పెద్ద దెబ్బగా పడుతుంది. కర్బనానికి ఉదజనికి, అనగా హైడ్రోజన్‌కు, నడుమ ఉన్న బంధాన్ని తెంచడానికి సుమారు నాలుగు ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి చాలు. కోబాల్ట్-60 నుండి వెలువడే రెండు గామా కిరణాలలో ఒక దాని శక్తి 11.7 లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు, రెండవ దానిది 13.3 లక్షలు. అట్టి కిరణం పదార్థంలో ప్రవేశించి అణువుల నుండి ఎలక్ట్రానులను ఊడగొడుతుంది. ఊడిన ఎలక్ట్రానులు వేగంగా పోతూ మరికొన్నింటిని ఊడగొడతాయి. దీనినే అయనీకరణం అంటారు.

నీరే మధ్యవర్తి

గ్లూకోజు సీసాలో నూటికి అయిదు పాళ్ళు గ్లూకోజు, మిగిలినదంతా నీరు. కనుక కిరణపు దెబ్బ ఎక్కువగా నీటి అణువులకే తగులుతుంది. ఎలక్ట్రానును కోల్పోయిన నీటి అణువు క్షణంలో అతి స్వల్పభాగం గడవకముందే విడిపోయి, ఒక ఆమ్లజని, ఒక ఉదజని పరమాణువు గల హైడ్రాక్సిల్ ముక్కను మిగుల్చుతుంది. సాధారణంగా అణువులలో ఎలక్ట్రానులు జంటలుగా ఉంటాయి. ఈ ముక్కలో ఒక ఎలక్ట్రాను జంట లేక ఒంటరిగా ఉన్నది. ఇట్టివాటిని స్వేచ్ఛా ప్రాతిపదికలు అంటారు.

హైడ్రాక్సిల్ ప్రాతిపదిక ఎదురుపడిన సేంద్రియ అణువు నుండి ఒక ఉదజని పరమాణువును లాగుకొని, తాను మళ్ళీ నీరై ఊరుకొంటుంది. వలయాకారంలో ఉన్న గ్లూకోజు అణువులో కర్బన పరమాణువులు ఆరు, వాటిని అంటిపెట్టుకొని ఉన్న ఉదజనులు ఏడు. హైడ్రాక్సిల్ ప్రాతిపదికకు వీటిలో పెద్దగా ఎంపిక లేదు. ఏది దొరికితే దానిని తీసుకుపోతుంది.

ఉదజనిని పోగొట్టుకొన్న కర్బనం ఇప్పుడు ఒంటరి ఎలక్ట్రానుతో మిగులుతుంది. నీటిలో కరిగి ఉన్న ఆమ్లజని, అనగా ఆక్సిజన్, వెంటనే దానికి అతుక్కొంటుంది. తరువాత జరిగే మార్పులు దెబ్బతిన్న కర్బనం ఏదన్న దానిని బట్టి ఉంటాయి. మొదటి కర్బనం వద్ద జరిగితే గ్లూకోనిక్ ఆమ్లం, ఆరవ దాని వద్ద జరిగితే గ్లూకురోనిక్ ఆమ్లం రావచ్చు. గొలుసు మధ్యలో తెగితే ఫార్మాల్డిహైడు, ఫార్మిక్ ఆమ్లం వంటి చిన్న ముక్కలు వస్తాయి. ద్రవం కొద్దిగా ఆమ్లగుణం పొందుతుంది.

ఎంత గ్లూకోజు నష్టమవుతుందో ఉజ్జాయింపుగా కట్టవచ్చు. నీరు గ్రహించే ప్రతి జౌలు శక్తికి సుమారు 0.28 మైక్రోమోళ్ళ హైడ్రాక్సిల్ ప్రాతిపదికలు పుడతాయి. 25,000 గ్రేలకు కిలోకు 7 మిల్లీమోళ్ళు. కిలో ద్రవంలో గ్లూకోజు 50 గ్రాములు, అనగా 278 మిల్లీమోళ్ళు. ప్రతి ప్రాతిపదిక ఒక గ్లూకోజు అణువును పాడుచేసినదనుకొంటే నూటికి రెండు మూడు అణువులు మారిపోతాయి. ఇంటిలో త్రాగే పానకానికి ఇది లెక్కలోనిది కాకపోవచ్చు. నెత్తురులోనికి నేరుగా పంపే మందుకు ఇది చాల ఎక్కువ. ఆవిరి పద్ధతిలో కూడ గ్లూకోజు కొద్దిగా మారుతుంది, కాని అదుపులో ఉంచిన వేడిమి వల్ల కలిగే మార్పు చాల తక్కువ. గ్లూకోజు సీసాకు గామా కిరణాలు ఎందుకు వాడరో దీనివలన తెలిసినది.

పొడి చక్కెర సాక్ష్యం

నీరు లేని చక్కెర పలుకు సంగతి వేరు. స్ఫటికంలో అణువులు క్రమంగా పేర్చి ఉంటాయి. వికిరణం వల్ల పుట్టిన ప్రాతిపదికలు కదలడానికి చోటు లేక అక్కడే చిక్కుకొని పోతాయి. అవి నెలల తరబడి చెక్కుచెదరక ఉండగలవు. ఒంటరి ఎలక్ట్రాను చిన్న అయస్కాంతం వంటిది కనుక, చక్కెరను బలమైన అయస్కాంత క్షేత్రంలో ఉంచి సూక్ష్మతరంగాలు పంపి ఆ ప్రాతిపదికలను లెక్కించవచ్చు. ఈ పరీక్షను ఎలక్ట్రాన్ స్పిన్ అనునాదం అంటారు.

మరొక వింత కూడ ఉన్నది. వికిరణం తగిలిన చక్కెరను నీటిలో వేస్తే, బంధనం వీడిన ప్రాతిపదికలు ఆమ్లజనితో కలిసి అతి మందమైన కాంతిని వెలువరిస్తాయి. కంటికి ఆనదు గాని సున్నితమైన పరికరాలకు అందుతుంది.

ఈ లక్షణం రెండు విధాల ఉపయోగపడుతున్నది. మొదటిది ఆహార పరీక్ష. మన దేశపు మామిడిపండ్లలోని పురుగులను అరికట్టడానికి కనీసం 400 గ్రేల వికిరణం ఇచ్చి 2007 నుండి అమెరికాకు పంపుతున్నారు. మన బంగినపల్లి కూడ అట్లు వెళ్ళిన రకాలలో ఒకటి. ఎండబెట్టిన మామిడి, బొప్పాయి, ద్రాక్ష వంటి పండ్లలో చక్కెర స్ఫటికాలు ఉంటాయి. వాటికి వికిరణం ఇచ్చారా లేదా అనేది ఆ స్ఫటికాలలో చిక్కిన ప్రాతిపదికలే చెబుతాయి. ఐరోపా దేశాలు దీనిని ప్రామాణిక పరీక్షగా స్వీకరించాయి.

రెండవది ప్రమాద సమయంలో అక్కరకు వస్తుంది. 2010 ఏప్రిల్‌లో ఢిల్లీలోని మాయాపురి తుక్కు బజారుకు చేరిన ఒక పాత పరికరంలో కోబాల్ట్-60 ఉన్నదని ఎరుగక దానిని విప్పారు. పలువురు జబ్బుపడ్డారు, ఒకరు మరణించారు. ఇట్టి ప్రమాదాలలో ఎవరికి ఎంత మోతాదు తగిలినదో తెలిస్తేనే వైద్యుడు సరియైన చికిత్స నిర్ణయించగలడు. సామాన్య ప్రజలు మోతాదును కొలిచే బిళ్ళలు ధరించి తిరగరు. కాని చక్కెర లేని ఇల్లు అరుదు. ప్రమాదస్థలంలో దొరికిన చక్కెర ఒక గ్రే కంటె తక్కువ మోతాదును కూడ తెలుపగలదని ప్రయోగాలు నిరూపించాయి. తుక్కు ఉక్కు రాకపోకలు గల రేవు పట్టణాలవారు ఈ సంగతి తెలిసి ఉండడం మంచిది.

గొలుసులు తెగినప్పుడు

గ్లూకోజు అణువులు వందలు వేలుగా ఒకదాని వెంట ఒకటి చేరితే బియ్యంలోని పిండి పదార్థం, ప్రత్తిలోని సెల్యులోజు ఏర్పడుతాయి. రొయ్య పెంకులోని కైటిన్ కూడ ఇట్టి గొలుసే. అందులోని కడియం నత్రజని చేరిన ఒక చక్కెర. ఈ గొలుసులలో ఒక చోట ఉదజని పోతే, ఆ దెబ్బ పొరుగు కడియాన్ని కలిపే లంకెకు ప్రాకి, గొలుసు రెండుగా తెగుతుంది. వెయ్యి కడియాలలో ఒకటి తెగితే బరువులో తేడా ఏమీ ఉండదు. గుణంలో మాత్రం తేడా వస్తుంది. పిండితో కాచిన గంజి పలుచబడుతుంది, ప్రత్తినూలు బలం తగ్గుతుంది, మోతాదు మించితే పండు మెత్తబడుతుంది.

ఇదే మార్పును ప్రయోజనంగా మలచుకోవచ్చు. విశాఖ రేవు నుండి రొయ్యలు పెద్దఎత్తున విదేశాలకు వెళ్తాయి. శుద్ధి కేంద్రాలలో మిగిలే పెంకుల నుండి కైటిన్‌ను, దానిని క్షారంలో ఉడికించి కైటోసాన్‌ను తీస్తారు. కైటోసాన్ గొలుసులను వికిరణంతో పొట్టి ముక్కలుగా చేస్తే అవి సులభంగా కరుగుతాయి. పైర్ల పెరుగుదలకు, తెగుళ్ళను తట్టుకొనే శక్తికి ఈ ముక్కలు తోడ్పడుతాయని వియత్నాం మొదలైన దేశాలలో వాడుతున్నారు.

పాఠశాలలో గామా కిరణాలు ఉండవు గాని, హైడ్రాక్సిల్ ప్రాతిపదికను వేరొక దారిలో పుట్టించవచ్చు. అన్నభేది, అనగా ఫెర్రస్ సల్ఫేటు, హైడ్రోజన్ పెరాక్సైడుతో కలిస్తే అదే ప్రాతిపదిక వస్తుంది. ఉపాధ్యాయులు తమ పర్యవేక్షణలో ఈ ప్రయోగం చేయించవచ్చు. పలుచని గంజి కాచి చల్లార్చి, మూడు సమాన భాగాలు చేయండి. ఒకదానిలో మందుల దుకాణంలో దొరికే 3 శాతం పెరాక్సైడు కొద్దిగా, రెండవదానిలో అన్నభేది చిటికెడు, మూడవదానిలో రెండూ కలపండి. తేడా ఏమీ లేకుండ మూడింటి ఘనపరిమాణం నీటితో సమానం చేయండి. గంట తరువాత ఒక్కొక్కటి బ్యూరెట్టు నుండి కారడానికి ఎంతసేపు పట్టినదో కొలవండి. రెండూ కలిపిన గంజి త్వరగా కారిపోవాలి. కళ్ళకు అద్దాలు ధరించాలి, దేనినీ రుచి చూడరాదు.

ప్రాణసూత్రంలోని చక్కెర

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1929లో ఫిస్కేతో కలిసి, కండరాలకు శక్తిని అందించే ఎటిపి అనే పదార్థాన్ని గుర్తించాడు. ఆ అణువు నడుమ రైబోజు అనే చక్కెర ఉన్నది. రైబోజు నుండి ఒక ఆమ్లజని తీసివేస్తే డీఆక్సీరైబోజు వస్తుంది. జీవకణాల కేంద్రకంలో వంశలక్షణాలను మోసే డిఎన్ఎకు ఆ పేరు దీని వల్లనే వచ్చినది. 1953లో వాట్సన్, క్రిక్ తెలిపిన ఆ మెలికల నిచ్చెనలో మెట్లు క్షారాలతోను, ఇరువైపుల పట్టెలు చక్కెర, ఫాస్ఫేటులతోను ఏర్పడినవి.

హైడ్రాక్సిల్ ప్రాతిపదిక క్షారాన్ని తాకితే మెట్టు పాడవుతుంది, పట్టె నిలుస్తుంది. చక్కెరను తాకి ఉదజనిని లాగితే పట్టె తెగుతుంది. సీసాలోని గ్లూకోజుకు, గంజిలోని పిండికి జరిగినదే ఇక్కడా జరుగుతున్నది. తేడా ఫలితంలో ఉన్నది.

ఉల్లిగడ్డను చూడండి. మొలకెత్తకుండ ఉండడానికి దానికి ఇచ్చే మోతాదు 30 నుండి 90 గ్రేల వరకు. మహారాష్ట్రలోని లాసల్‌గావ్‌లో 2002లో ఇందుకొక కేంద్రం వెలసినది. కిలో ఉల్లిలో సుమారు 40 గ్రాముల చక్కెర ఉంటుందనుకొని పై పద్ధతిలోనే లెక్క కడితే, 60 గ్రేల వల్ల మారే చక్కెర అణువులు పదివేలలో ఒకటి కూడ కావు. రుచిలో, పోషక విలువలో తేడా కనిపించదు. 10,000 గ్రేల వరకు వికిరణం ఇచ్చిన ఆహారం హానికరం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదలైన వాటి నిపుణుల సంఘం 1980లో నిర్ణయించినది. తిండిలోని చక్కెర అణువు ఒకటి పోతే అటువంటివి కోట్లకొలది ఉన్నాయి. కాని మొలకలోని కణానికి డిఎన్ఎ గ్రంథం ఒకటి రెండు ప్రతులే గదా! దాని పట్టెలు తెగితే కణం విభజన చెందలేదు, మొలక రాదు.

మన శరీరంలోని ఒక్కొక్క కణంలో సుమారు 1,200 కోట్ల డీఆక్సీరైబోజు కడియాలు ఉన్నాయి. ఒక గ్రే వికిరణం వల్ల వాటి వరుసలో సుమారు వెయ్యి చోట్ల ఒక పట్టె తెగుతుంది. ఇందులో చాల భాగాన్ని కణం ఎదుటి పట్టెను చూచి బాగుచేసుకొంటుంది. రెండు పట్టెలూ ఒకేచోట తెగడం కణానికి 30, 40 చోట్ల జరుగుతుంది. వీటిని అతకడం కష్టం. తప్పుగా అతికితే కణం చావవచ్చు, లేక కొన్ని సంవత్సరాల తరువాత కాన్సరుకు దారితీయవచ్చు.

కాన్సరు కణాలను చంపడానికి వైద్యులు వాడేది ఈ దెబ్బనే. సాధారణంగా రోజుకు రెండు గ్రేల చొప్పున అయిదారు వారాలపాటు పుండుకు మాత్రమే వికిరణం ఇస్తారు. విరామంలో చుట్టునున్న మంచి కణాలు ఎక్కువగా కోలుకొంటాయి. ఇక్కడ కూడ ఆమ్లజని పాత్ర ఉన్నది. ఉదజనిని కోల్పోయిన చక్కెరకు కణంలోని గంధక సమ్మేళనాలు తమ ఉదజనిని ఇచ్చి నయం చేయగలవు. ఆమ్లజని ముందుగా అతుక్కొంటే ఆ అవకాశం పోతుంది. అందుచేత ఆమ్లజని అందని పుండు భాగాలను చంపడానికి రెండున్నర నుండి మూడు రెట్లు మోతాదు అవసరమవుతుంది. 1953లో ఈ విషయం చికిత్సలో ఎంత ముఖ్యమో చూపినవారిలో ముఖ్యుడు లూయీ హెరాల్డ్ గ్రే. మోతాదు ప్రమాణానికి ఆయన పేరే పెట్టారు. విశాఖపట్నం అగనంపూడిలోని హోమీ భాభా కాన్సరు ఆసుపత్రి వంటి చోట్ల రోగులకు జరిగే చికిత్సలో ఈ సూత్రాలన్నీ ఇమిడి ఉన్నాయి.

పరిశ్రమలలో జాగ్రత్త

ఓడల నిర్మాణం, ఉక్కు, చమురు శుద్ధి వంటి పరిశ్రమలలో వెల్డింగు అతుకుల లోపాలను పట్టుకోవడానికి ఇరిడియం-192 గామా కిరణాలతో ఛాయాచిత్రాలు తీయడం పరిపాటి. ఈ పనిచేసేవారి మోతాదు సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు మించరాదని నియమం. గామా కిరణాల విషయంలో ఇది ఒక గ్రేలో 50వ వంతు. భీమునిపట్నం తీరపు ఇసుకలోని మోనజైటులో థోరియం ఉన్నది, నింగి నుండి, నేల నుండి అందరికీ కొంత వికిరణం తగులుతూనే ఉంటుంది. ప్రపంచ సగటు ఏడాదికి సుమారు 2.4 మిల్లీసీవర్టులు. ఇట్టి కొద్దిపాటి దెబ్బలను కణాలు ప్రతిదినం సవరించుకొంటాయి. ఒక్కసారిగా వచ్చే పెద్ద మోతాదే వాటిని ఓడిస్తుంది.

నిప్పు తగిలితే చేయి వెంటనే వెనుకకు వస్తుంది. వికిరణం తగిలినప్పుడు ఒంటికి తెలిసేటంత వేడి పుట్టదని లెక్కలో చూచాము. చక్కెర కడియాలు తెగేటప్పుడు నొప్పి ఉండదు. అందుచేత ఈ పనిలో మన చర్మాన్ని నమ్మరాదు. కొలిచే బిళ్ళను ధరించాలి, మూలం దగ్గర తక్కువసేపు ఉండాలి, దూరంగా నిలబడాలి, నడుమ సీసపు అడ్డు ఉంచాలి. దూరం రెట్టింపైతే మోతాదు నాలుగోవంతుకు తగ్గుతుంది. గుర్తు తెలియని లోహపు తునక దొరికితే దానిని జేబులో వేసుకోరాదు. దాని నుండి దూరంగా తొలగి పెద్దలకు తెలియజేయాలి. ఈ పాఠం చదివే విద్యార్థులలో కొందరు రేపు ఆ పరిశ్రమలలో చేరవలసినవారే. ఈ నియమాల వెనుకనున్న కారణం తెలిసినవారు వాటిని మరువరు.